సీవీలో చదివించుకునేది అడ్రస్ ఒక్కటే

ఉద్యోగం వెతుక్కుంటున్న యువతీ యువకులారా, మీ సీవీలోంచి చదువు తీసేయండి. మార్కులు తీసేయండి. ట్రైనింగులు, సర్టిఫికెట్లు, తిండీ నిద్రా మాని నేర్చుకున్న కంప్యూటర్ భాషలు అన్నీ తీసేయండి. ఇంటి అడ్రస్ ఒక్కటి ఉంచండి. కంపెనీ వాళ్లు చదివేది అదొక్కటే.

ఇదేదో వెటకారం అనుకునేరు. అయ్యో, వెటకారం చేసే తీరిక ఈ కాలమ్‌కు ఎక్కడిది? ఎంతోమంది నిరుద్యోగుల మేలు కోరి చెబుతున్న మాట ఇది.

కంపెనీల వాళ్లు మన సీవీలు చదవరని కొందరు తెగ బాధపడిపోతుంటారు. వాళ్లను చూస్తే నాకు జాలి. చదివితే ఏమయ్యేదో ఒక్కసారైనా ఆలోచించారా? ‘టీమ్ ప్లేయర్’ అని రాసుకున్నారు. ఏ టీమ్ నాయనా, అందులో నువ్వేం చేశావు అని అడిగితే మీ దగ్గర జవాబుందా? ‘హాబీలు: పుస్తక పఠనం’ అని రాశారు. ఆఖరుగా చదివిన పుస్తకం పేరు చెప్పమంటే నీళ్లు నమలరా? ‘ఒత్తిడిలోనూ ప్రశాంతంగా పనిచేయగలను’ అన్నారు. ఆ మాట మీ ఇంట్లో వాళ్లకు వినిపిస్తే ఏమంటారు? సీవీ చదవకపోవడం కంపెనీలు మన మీద చూపిస్తున్న దయ. దాన్ని కూడా తప్పు పడితే ఎట్లా?

మిగతా జిల్లాల వాళ్లకు నా సలహా ఏ మేరకు పనికొస్తుందో చెప్పలేను. తిరుపతి వాళ్లకు మాత్రం అక్షరాలా పనికొస్తుంది. తిరుపతిలో పుట్టడమే ఒక డిగ్రీ.

తిరుపతి మనిషి రైల్లో పక్క సీటు పెద్దమనిషికి ఊరి పేరు చెప్పాడనుకోండి. రైలు గూడూరు దాటేలోపు దర్శనం సంగతి వచ్చి తీరుతుంది. ట్రాఫిక్ పోలీసు లైసెన్సు చూసి, చలానా రాయబోయిన చేతిని మధ్యలో ఆపి, బ్రేక్ దర్శనం దొరుకుతుందా అని అడుగుతాడు. అంటే పెద్ద క్యూలో పడకుండా త్వరగా అయిపోయే దర్శనం. మా కాలనీలో ఒకాయనకు వేలూరులో ఆపరేషన్ అయింది. మత్తు వదిలి కళ్లు తెరిచేసరికి డాక్టరుగారు మంచం పక్కనే నిలబడి ఉన్నారట. ఎంత శ్రద్ధ అని ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. డాక్టరుగారు చెయ్యి పట్టుకుని, పన్నెండు మందిమి వస్తాం, కొండ మీద రూములు దొరుకుతాయా అని అడిగారు.

ఇంత పలుకుబడి ఉన్న ఊరి పేరును సీవీలో రాయకుండా వదిలేసిన బుద్ధిమంతుడు ఒకడున్నాడు. పేరు జోయల్. అతని కథ వింటే నా మాటలో నిజమెంతో మీకే తెలుస్తుంది.

కొర్లగుంటలో ప్రేమానందం అని ఒక వడ్రంగి మేస్త్రీ ఉన్నాడు. వారమంతా తలుపులు, కిటికీలు చేస్తాడు. ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తాడు. జోయల్ ఆయన కొడుకు. పుత్తూరు వైపు ఒక కాలేజీలో కంప్యూటర్ ఇంజనీరింగ్ చదివాడు. అందరూ కాపీ కొట్టి గట్టెక్కే ఆఖరి సంవత్సరం ప్రాజెక్టును ఈ అమాయకుడు నిజంగానే చేశాడు.

చిత్తూరు చుట్టుపక్కల మామిడి పెట్టిన వాళ్లందరికీ ఒక బాధ ఉంది. తోతాపురి కాయ కోతకు వచ్చిందంటే గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. ఒక్కోసారి రెండు మూడు రోజులు అక్కడే పడిగాపులు. ఎండకు కాయ మెత్తబడుతుంది, అడుగు కాయలు నలిగి రసం కారుతుంది. తీరా గేటు దాకా వెళ్లాక, ఈ కాయ మాకొద్దంటారు. ఏ ఫ్యాక్టరీ ముందు ఎంత బారు ఉందో ముందే తెలిస్తే ట్రాక్టరు ఇంకో దారి పడుతుంది కదా. జోయల్ చేసిన యాప్ ఆ పని చేస్తుంది. బారులో ఉన్న డ్రైవర్లు ఫోన్ నొక్కి చెబుతారు, తోట దగ్గరున్న వాళ్లు చూసుకుని బయల్దేరతారు. ప్రేమానందం స్నేహితుడు మునిచంద్రకు దామలచెరువు దగ్గర తోట ఉంది. ఆ ఏడు ఆయన కాయ ఒక్కటీ మెత్తబడలేదు.

జోయల్‌కు ఒకే ఒక్క కోరిక ఉండేది. పెద్ద కంపెనీలో, పని తెలిసినవాళ్లెవరైనా ఎదురుగా కూర్చుని, ఇదెట్లా చేశావయ్యా అని అడగాలి. జీతం సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు అనుకునేవాడు. ఇరవై రెండేళ్ల వయసులో ఇట్లాంటి జబ్బులు కొందరికి వస్తాయి.

సీవీ ఎట్లా రాయాలో ఇంటర్నెట్‌లో చెప్పేవాళ్లకు కొదవా? చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఒకాయన ఒక్క పేజీ దాటితే పాపం అన్నాడు. ఇంకొకాయన ఫోటో వద్దన్నాడు. మూడో ఆయన, ఇంటి అడ్రస్ రాయడం తాతల కాలం నాటి అలవాటు, వెంటనే కొట్టేయండి అన్నాడు. జోయల్ వెంటనే కొట్టేశాడు. ఆ చోట్లో మామిడికాయల ప్రాజెక్టు గురించి ఇంకో రెండు లైన్లు చేర్చాడు.

ఆ సీవీ ఎన్ని కంపెనీలకు పంపాడో అతనికే లెక్క లేదు. మీ దరఖాస్తు మాకు అందింది అని మర్యాదగా జవాబు వచ్చేది. మర్యాద అక్కడితో సరి. ఉద్యోగం వచ్చిందా నాయనా అని చర్చి మెట్ల మీద అడిగేవాళ్ల సంఖ్య పెరుగుతూ వచ్చింది. జోయల్ ఆరాధన ముగియక ముందే వెనక తలుపులోంచి బయటపడటం మొదలుపెట్టాడు.

అప్పుడు కాపాడినవాడు ధనంజయ. బస్టాండు దగ్గర జిరాక్సు షాపు. పెళ్లి పత్రికలు, రెంటల్ అగ్రిమెంట్లు, సీవీలు అన్నీ ఒకే కంప్యూటరు మీద కొట్టిస్తాడు. జోయల్ సీవీని కళ్లద్దాలు పైకి జరుపుకుని చూశాడు.

“అడ్రస్ యాడప్పా?”

“ఇప్పుడు అది రాయకూడదంటన్నా.”

“ఎవురు చెప్పినారు?”

“నెట్‌లో చెప్పినారు.”

“చెప్పినోనిది యా ఊరు?”

జోయల్‌కు తెలియదు.

“మన ఊరు మాత్రం కాదు. ఆ మాట నేను రాసిస్తా” అన్నాడు ధనంజయ. “సూడప్పా, ఈ షాపులో సీవీ కొట్టించుకోని పిలుపు వచ్చినోళ్లందరికీ అడ్రస్ పైనే ఉండాది. పేరు కిందనే, లావు అచ్చరాల్లో. తిరుపతి అనే మాట కొట్టొచ్చినట్టు కనపడల్ల.”

“మరి నా ప్రాజెక్టన్నా?”

“రెండో పేజీలో పెడదాం. ఆడికి ఎవురూ రారు. బద్రంగా ఉంటాది.”

జోయల్‌కు మనసొప్పలేదు. కానీ ధనంజయ అప్పటికే అట్లాగే టైపు కొట్టేశాడు. ఆ వారమే హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది, ఇంటర్వ్యూకు రమ్మని.

జోయల్ రైల్లో రాత్రంతా ప్రాజెక్టు వివరాలు నెమరు వేసుకున్నాడు. డ్రైవరు తప్పు చెబితే ఎట్లా పట్టుకుంటావు అని అడిగితే ఇది చెప్పాలి. సిగ్నల్ లేని చోట ఏం చేస్తావు అంటే అది చెప్పాలి. ఎవరూ అడగని ప్రశ్నలకు కూడా జవాబులు కట్టుకున్నాడు.

గదిలో ముగ్గురు కూర్చుని ఉన్నారు. మధ్యలో మేనేజరు. ఆయన సీవీని చేతిలోకి తీసుకుని పై వైపు చూశాడు. చూపు అక్కడే ఆగిపోయింది.

“తిరుపతా? అసలు తిరుపతేనా, లేక చుట్టుపక్కల ఊరా?”

“తిరుపతే సార్. కొర్లగుంట.”

“కొండ అక్కడికి ఎంత దూరం?”

“మా మిద్దె మీంచి కనపడతాది సార్.”

ముగ్గురూ కుర్చీలు కొంచెం ముందుకు జరుపుకున్నారు. ఇక ప్రాజెక్టు అడుగుతారని జోయల్ ఊపిరి బిగబట్టాడు.

“బ్రేక్ దర్శనాలవీ చూసేవాళ్లు మీకు తెలిసే ఉంటారే?” అన్నాడు మేనేజరు.

జోయల్ అబద్ధం ఆడే రకం కాదు. “సార్, నా పేరు జోయల్” అన్నాడు.

“మంచి పేరు.”

“మేం చర్చికి పోతాం సార్.”

“దానిదేముందయ్యా. అడ్రస్ తిరుపతే కదా.”

ఆ మాటకు మిగతా ఇద్దరూ ఒప్పుకున్నట్టు తలలు ఊపారు. శనివారం రద్దీ ఎట్లా ఉంటుంది, పిల్లలకు టికెట్ కావాలా, రేణిగుంటలో దిగడం మంచిదా తిరుపతిలోనా. మూడు ప్రశ్నల్లో రెండింటికి జోయల్ తెలియదన్నాడు. నిజాయితీ ఉన్న కుర్రాడు అని వాళ్లు రాసుకున్నారు. ఉద్యోగం ఇచ్చారు.

చూశారా? పేరు చెప్పినా పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే కులం, మతం, ఆచారం అని ఏమేం అడ్డం వచ్చేవో! ఈ దేశంలో మత సామరస్యం కోసం ఎన్నో కమిటీలు వేశారు. సీవీ చదవని మేనేజరు ఒక్కడు చేసిన పని అవన్నీ కలిసి చేయగలవా?

ఇంటికొచ్చిన కొడుకును ప్రేమానందం ఉలి పక్కన పెట్టి అడిగాడు.

“ఏమడిగిరి నాయనా? మామిడికాయల సంగతి చెప్పినావా?”

“చెప్పినాను నాయనా.”

“ఏమనిరి?”

“మంచి పని చేసినావు అనిరి.”

సీవీలో ఒక్క అబద్ధమూ రాయని కుర్రాడు ఇంట్లో ఆ ఒక్కటీ చెప్పాడు. ప్రేమానందం ఆ ఆదివారమే చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. “మా పిల్లోని చేతిపనిని దేవుడు పెద్దోళ్ల కండ్లకి కనపరిచినాడు. అడక్కుండానే అడిగించినాడు” అని చెప్పి కూర్చున్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. జోయల్ తల ఎత్తలేదు. తండ్రి సంతోషం చూస్తుంటే అతనికి ఏడుపొచ్చింది. అది సంతోషమే అని పక్కవాళ్లు అనుకున్నారు.

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే పని మొదలైంది. మేనేజరు అత్తగారికి మొక్కు ఉంది.

జోయల్ కొండను రోజూ చూస్తూ పెరిగాడే గానీ, అక్కడి క్యూల సంగతి అతనికేం తెలుసు? తిరుపతిలో తమ పక్కింటి వరదయ్యను ఫోన్‌లో ఆశ్రయించాడు. వరదయ్య రిటైరైన బస్సు కండక్టరు. బతుకంతా కొండ మీదికీ కిందికీ టికెట్లు కొట్టిన మనిషి. అక్కడి సంగతులు ఆయనకు కరతలామలకం.

“నువ్వేంది జోయలూ, కొండ సంగతి నన్ను అడగతా ఉండావు?”

“ఉద్యోగం మామా.”

“ఏం ఉద్యోగమప్పా?”

“సాఫ్ట్‌వేర్.”

కాలం మారిపోయింది, ఏదైనా కావచ్చు అని వరదయ్య అనుకున్నట్టున్నాడు. “సరే, రాసుకో. ముందు మొగోళ్లని పంచె కట్టుకోని రమ్మను. ప్యాంట్లేసుకోని వచ్చి ఆడ గేటు కాడ నిలబడి ఏడ్చొద్దని సెప్పు. ఆధార్ కార్డు మరిచిపోవద్దు. సెప్పులు యాడ ఇడిసినారో గుర్తు పెట్టుకోమను, అందరూ ఆడనే తప్పిపోయేది.”

సిఫారసు ఉత్తరాల జోలికి జోయల్ పోలేదు. పోదామన్నా ఇచ్చే నాథుడు లేడు. అతనికి తెలిసిందల్లా కంప్యూటరు. ఆన్‌లైన్‌లో టికెట్లు వదిలే సమయానికి అందరి పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు ముందే సర్దిపెట్టుకుని కూర్చునేవాడు. పేజీ తెరుచుకోగానే వేళ్లు పరిగెత్తేవి. నాలుగేళ్లు చదివిన ఇంజనీరింగ్ ఆ కాసేపు పనికొచ్చేది. అత్తగారి దర్శనం దివ్యంగా జరిగింది. జోయల్ చాలా చురుకైన ఇంజనీరని ఆఫీసులో పేరొచ్చింది.

తర్వాత క్లయింట్లు వచ్చారు. పుణె క్లయింటు మనవడి పుట్టువెంట్రుకలు. ఢిల్లీ క్లయింటు షష్టిపూర్తి. ఒక పెద్ద క్లయింటుకు కంపెనీ తయారు చేసిచ్చిన సాఫ్ట్‌వేర్ నెల రోజులు నడవలేదు. ఆయన కోర్టుకెక్కుతానన్నాడు. జోయల్‌ను పంపారు. ఆయన కుటుంబాన్ని రేణిగుంట ఎయిర్‌పోర్టులో దించుకుని, అలిపిరి దగ్గర కారెక్కించి, తిరిగొచ్చేదాకా కింద కాచుకుని, లడ్డూల సంచీ మోసి, మళ్లీ విమానం ఎక్కించాడు. ఆయన కోర్టు మాట మరిచిపోయాడు. సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ నడవడం లేదు. ఆ ఏడు ‘క్లిష్టమైన సాంకేతిక సమస్యకు పరిష్కారం’ చూపినందుకు జోయల్‌కు కంపెనీ ఒక గాజు బొమ్మ బహుమతిగా ఇచ్చింది.

దీంట్లో కష్టం ఎక్కడుందో మీరే చెప్పండి. మిగతా సాఫ్ట్‌వేర్ పిల్లలు పండక్కి ఇంటికి పోవడానికి సెలవు దొరక్క అల్లాడతారు. జోయల్ నెలకు రెండుసార్లు కంపెనీ ఖర్చుతో ఇంటికొచ్చి అమ్మ చేతి రాగి సంగటి తింటాడు. వెన్నునొప్పి లేదు, కంటి జబ్బు లేదు. కంప్యూటరు ముందు కూర్చుంటే కదా!

ఒకసారి మాత్రం బుద్ధి గడ్డి తిని, మేనేజరు గదిలోకి వెళ్లి అడిగాడు. “సార్, నాకు ఏదైనా కోడింగ్ పని ఇప్పించండి సార్. ఊరికే ఏదో ఒకటి.”

మేనేజరు నిజంగా నొచ్చుకున్నాడు. “నీకెందుకయ్యా ఆ చిల్లర పని? అది చేయడానికి రెండు ఫ్లోర్ల నిండా ఉన్నారు. నీలాంటి వాడు ఒక్కడే. నీ విలువ నీకే తెలియడం లేదు.”

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఇక్కడ దేవుణ్ణే అడ్డం పెట్టి పూజారి వరమిచ్చాడు. ప్రమోషన్ వచ్చింది. జోయల్ పేరు పక్కన ‘లీడ్’ అని చేరింది. దేనికి లీడ్ అని ఎవరూ అడగలేదు.

మళ్లీ మామిడి కోతలు వచ్చాయి. మునిచంద్ర ఫోన్ చేశాడు.

“అబ్బోడా, నీ యాప్ తెరుచుకోవడం లేదే. కొత్త ఫోన్ కొనుక్కుంటి. ఈడ డ్రైవర్లు గూడా అదే మాట చెప్తా ఉండారు. ట్రాక్టరు యాడికి తోలల్లో తెలీకుండా ఉండాది.”

“ఆదివారం చూస్తా మామా. చిన్న పనే” అన్నాడు జోయల్.

ఆదివారం పొద్దున కొర్లగుంట ఇంట్లో కంప్యూటరు తెరిచి, తను రాసిన కోడే చదవడం మొదలుపెట్టాడు. మొదటి పేజీ అర్థమైంది. తర్వాత తడబడ్డాడు. ఈ లైను ఎందుకు రాశాను? ఈ పేరుతో దేన్ని పిలుస్తున్నాను? ఎవరో తెలివైన కుర్రాడు రాసినట్టుంది అది. ఆ కుర్రాడు దగ్గరుంటే అడిగేవాడు. జోయల్‌కు సిగ్గు ముంచుకొచ్చింది. తన చెయ్యి తన మాట వినడం లేదని మొదటిసారి భయపడ్డాడు. పోనీ మొదటి నుంచీ మెల్లగా చూద్దామని కూర్చునేలోపు ఫోన్ మోగింది. ముంబై క్లయింటు కుటుంబం రేణిగుంటలో ముందు విమానానికే దిగేసింది. కారు ఏదని అడుగుతున్నారు.

ఆ పని ముగిసేసరికి ఇంకో కుటుంబం వచ్చింది. మునిచంద్ర ఇంకోసారి ఫోన్ చేశాడు, ఆ తర్వాత చేయలేదు. జోయలే ఉండబట్టలేక చేశాడు.

“కాయ ఏమాయె మామా?”

“ఏముండాది నాయనా. మూడు దినాలు గేటు కాడనే ఉండె ట్రాక్టరు. సగం కాయ రోడ్డు మీద పారబోసి వచ్చినాము.” మళ్లీ మునిచంద్రే సర్దిచెప్పాడు. “నువ్వు మనసులో పెట్టుకోవద్దు. నీకు ఆడ పెద్ద పనులుంటాయి కదా.”

తిట్టి ఉంటే బాగుండేదని జోయల్‌కు అనిపించింది. తండ్రికి ఈ సంగతి చెప్పలేదు.

కంపెనీలో సమర్థుల్ని గుర్తించే పద్ధతి ఎంత గొప్పదో ఇప్పుడు చెబుతాను. లీడ్ అయిన వాళ్లు కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేయాలి. జోయల్‌ను కూడా మేనేజరు పక్కన కూర్చోబెట్టారు. ముందు రోజు సాయంత్రమే సీవీలు చేతికిచ్చారు. జోయల్ గట్టి నిర్ణయం తీసుకున్నాడు. ప్రతి కాగితమూ చదవాలి. వచ్చినవాళ్లు ఏం చేశారో, ఎట్లా చేశారో అడగాలి. తనకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదు. సీవీలను బ్యాగులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రమే చెన్నై క్లయింటు భార్య ఫోన్ చేసింది, తిరుపతితో పాటు శ్రీకాళహస్తి కూడా చూడాలని, అక్కడ రాహుకేతు పూజ చేయించాలని. కాళహస్తి సంగతులు జోయల్‌కు తెలియవు. వరదయ్యకూ అంతంత మాత్రమే. రాత్రి దాకా తెలిసినవాళ్లందరినీ అడుగుతూ ఫోన్ పట్టుకునే ఉన్నాడు. బ్యాగు తెరవలేదు.

మర్నాడు మూడో అభ్యర్థిగా ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో ఫైలు, మొహం నిండా భయం, కళ్లలో నిద్ర లేదు. మేనేజరు ఆమె సీవీ చేతిలోకి తీసుకుని పై వైపు చూశాడు.

“శ్రీకాళహస్తా? గుడికి దగ్గరా?”

“గుడి ఎనక వీధే సార్. మా నాయన ఆడ కలంకారీ గుడ్డలకి రంగులద్దతాడు.”

“రాహుకేతు పూజ చేయించేవాళ్లు తెలిసే ఉంటారే?”

ఆ అమ్మాయి తడబడింది. “సార్, నా పేరు ఉమ్మే హబీబా.”

“చాలా మంచి పేరమ్మా” అన్నాడు మేనేజరు. తర్వాత జోయల్ చెవి దగ్గరకు వంగి, ఇంగ్లీషులో సంతోషపడ్డాడు. దర్శనాలు నువ్వు, దోషాలు ఈ అమ్మాయి, క్లయింట్లకు ఇక లోటేముంది అని దాని సారాంశం. “నువ్వు కూడా ఏదైనా అడుగు.”

జోయల్ సీవీ అందుకున్నాడు. ఆమె ఊపిరి బిగబట్టి అతని వైపే చూస్తోంది. ఆ చూపు అతనికి బాగా తెలుసు. అడుగుదామనే నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే టేబుల్ మీద ఫోన్ వణికింది, చెన్నై క్లయింటు భార్య పేరు కనిపించింది. పదకొండు గంటలకు చెబుతానని ఆమెకు మాటిచ్చాడు.

“ఆదివారం రాహుకాలంలో ఆడ రద్దీ ఎట్లుంటాది?” అని అడిగాడు జోయల్.

హబీబా ఫైలు పక్కన పెట్టి చెప్పింది. చక్కగా చెప్పింది. ఏ గేటు వైపు జనం తక్కువో, కారు ఎక్కడ ఆపాలో, ఎండలో ముసలివాళ్లు ఎక్కడ కూర్చోవచ్చో అన్నీ చెప్పింది. గుడి వెనక వీధిలో పుట్టి పెరిగిన పిల్ల కదా. మేనేజరు అక్కడికక్కడే ఉద్యోగం ఖాయం చేశాడు. జోయల్ ఆ జవాబులన్నీ సీవీ వెనక వైపు రాసుకున్నాడు.

ఆమె వెళ్లిపోయాక చెన్నైకి ఫోన్ చేద్దామని అతను వరండాలోకి వచ్చాడు. హబీబా లిఫ్టు దగ్గర నిలబడి ఉంది. ఉద్యోగం వచ్చిన మొహంలా లేదు.

“అన్నా, మీది గూడా మా పక్కేనా? మాట అట్లనే ఉండాది.”

“తిరుపతి.”

“ఒకటి అడగతా, ఏమనుకోవద్దన్నా. నా ప్రాజెక్టు గురించి అడగతారని వారం దినాల నుంచి అదే చదువుకుంటా ఉండా. రెండేండ్లు కష్టపడి చేసినాను. సార్ అడగలేదు, సరే. మీరైనా ఒక మాట అడగలేదే. బాగలేదా అన్నా అది?”

జోయల్ చేతిలో ఆమె సీవీ ఉంది. రాహుకాలం సంగతులు పైకి కనిపిస్తున్నాయి.

“చాలా బాగుండాదమ్మా” అన్నాడు.

ఆ పిల్ల మొహం విప్పారింది. లిఫ్టు తలుపులు తెరుచుకున్నా ఎక్కలేదు. ఒకడుగు దగ్గరికి వచ్చింది.

“అందులో ఏది బాగుండాదన్నా?” అని అడిగింది.